ఈస్టరు సున్నం

ఆళ్లగడ్డ,
14 నవంబరు 1982

తమ్ముడు కృపావరానికి అక్క రూతు రాయడం.

ఇక్కడ అందరం బాగున్నామని రాయడం ఆనవాయితీ కనుక బాగున్నామనే అనుకో. అమ్మకు ఆయాసం ఎక్కువైంది. మా మిషన్ బడి పైకప్పు ఇంకా నా నెత్తిన పడలేదు.

నిన్న ఆళ్లగడ్డలో మీవాళ్ళు ఉచిత న్యాయ సహాయ శిబిరం పెట్టారు. పేదల గడపకే న్యాయం వస్తోందని ముందురోజు రిక్షాలో మైకు కట్టి చెప్పించారు. గడప దాకా రాలేదు గానీ బస్టాండు దాకా వచ్చింది. నేనూ, మన సంఘ పెద్ద ఓబయ్య మామా పొద్దున్నే పోయి నేలమీద కూర్చున్నాం. కుర్చీలు చట్టం ముందు అందరూ సమానమని చెప్పడానికి వచ్చిన వాళ్ళకు. ఆ మాట చెప్పిన ప్రతి ఒక్కరికీ దండ వేశారు. నువ్వు గుమాస్తాగా ఉన్న వకీలు లక్ష్మీనారాయణగారు కూడా చెప్పారు, ఆయనకు కొంచెం పెద్ద దండ. చివర్లో "మీ కష్టాలేమన్నా ఉంటే చెప్పుకోండి" అన్నారు. అప్పటికి టెంటువాడు గుంజలు పీకుతున్నాడు. ఆ గుంజలకు చెప్పుకుని వచ్చాం.

మా కష్టం నీకు చెప్తాను. మన పల్లె సమాధుల దొడ్డిని మునసబు చెన్నకేశవులు దున్నించాడు. ఏటా ఆయన చేను అంచు ఒక నాగటి సాలు జరుగుతూ వచ్చేది. ఈ ఏడు ఓపిక నశించినట్టుంది, మొత్తం దున్నించి, గుర్తురాళ్ళు పీకి గట్టుమీద పారేయించాడు. నాయన మీద ఇప్పుడు శనగ మొలిచింది. అడగబోతే, "అది నా పట్టా భూమి. ఆడ సమాధులు ఎప్పుడుండె?" అన్నాడు. నాయనను పూడ్చిననాడు గట్టుమీద నిలబడి చూసిన మనిషే.

అమ్మకు ఒకటే ధ్యాస. "నన్ను మీ నాయన పక్కన పెట్టాల. ఇంక యాడ పెట్టినా నేను ఒప్పుకోను" అంటుంది. డాక్టరు ఏడాదికి మించి చెప్పడం లేదు. మీ న్యాయం ఆలోపల వస్తుందా, లేక దానికీ గుంజలు పీకే టైమవుతుందా, కనుక్కుని రాయి.

నీ అక్క,
రూతు

*

నంద్యాల,
25 నవంబరు 1982

అక్కకు వందనాలు.

నీ ఎగతాళి నువ్వు మానవు. లక్ష్మీనారాయణగారు మనసున్న మనిషి. విషయం చెప్పగానే ఫీజు లేకుండా దావా వేస్తానన్నారు. దండ గురించి ఆయనకు చెప్పలేదు.

నీకు జీతం ఉంది కాబట్టి నువ్వు పేదరాలివి కావు. దావా అమ్మ పేరుమీదా, ఓబయ్య మామ పేరుమీదా వేద్దాం. ఉచిత సహాయం కావాలంటే వాళ్ళు పేదలని ఊరి మునసబు రాసివ్వాలి. అవును, ఆ మునసబే. నిబంధన నేను పెట్టింది కాదు. ఆయన ఇవ్వనంటే గొడవపడకుండా తిరిగి రా, పై అధికారికి అర్జీ పెడదాం. నమూనా ఈ కవరులోనే ఉంది.

అమ్మ మందులు మానకుండా చూడు.

కృపావరం

*

ఆళ్లగడ్డ,
12 డిసెంబరు 1982

తమ్ముడికి,

నీ అర్జీ నమూనా నేనూ మామా దారిపొడవునా బట్టీపట్టాం. అది అక్కరలేకపోయింది. చెన్నకేశవులు అడగ్గానే రాసిచ్చాడు. "మీకు భూమి లేదని రాసిచ్చేదాంట్లో నాకేం కష్టంరా ఓబయ్యా? బతికినోళ్ళకూ లేదు, సచ్చినోళ్ళకూ లేదు. రెండూ రాయమంటావా?" అన్నాడు. ఇంత సంతోషంగా పనిచేసే సర్కారు మనిషిని నేను చూడలేదు.

వస్తుంటే నన్ను పిలిచి ఎప్పుడూ అడిగేదే అడిగాడు. "ఏమ్మే టీచరమ్మా, మీ నాయన బిళ్ళ దొరికిందా? అది సర్కారు సొత్తు. నేను పైకి లెక్క చెప్పాల." నీకు గుర్తుంది కదా, నాయన ఊరి తలారిగా తిరిగినప్పుడు తోలుపట్టీకి తగిలించి ఛాతీమీద వేసుకునే ఇత్తడి బిళ్ళ. నాయన పోయిన ఏడాదే అది ఊరి వంక నీళ్ళలో పడిపోయిందని అమ్మ చెప్పింది. ఆయన మాత్రం కనబడినప్పుడల్లా అడుగుతాడు. మన సమాధులు పోయినా పట్టని మనిషికి బిళ్ళ పోయిందని నిద్ర పట్టడం లేదు.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. అమ్మ కాగితం మీద వేలిముద్ర వేయనంటోంది. "కోర్టోళ్ళు మన ఇంటికొస్తే ఏమేమో అడుగుతారు. నాకొద్దు" అంటుంది. ఆయన పక్కన పెట్టాలంటుంది, దానికి దావా వద్దంటుంది. చివరికి ఓబయ్య మామ ఒక్కడే వేశాడు. అదే పంపుతున్నాను.

క్రిస్మస్‌కు వస్తావా? వకీలుగారు హిందువులు కాబట్టి సెలవు ఇవ్వరని మాత్రం రాయకు, కోర్టులకు ఆ రోజు సెలవే.

రూతు

*

నంద్యాల,
20 మార్చి 1983

అక్కకు,

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు అమ్మను ఎంత అడిగినా నోరు విప్పలేదు. అందరికన్నా పెద్ద సాక్షి ఆమె. ఎవరైనా వచ్చి భయపెట్టారా? నాకు తెలియకుండా మీ ఇద్దరి మధ్య ఏమైనా ఉందా?

సరే, శుభవార్త. చోటు చూసి రమ్మని కోర్టు ఒక కమీషనరును వేసింది. అంటే భయపడేంత పెద్దమనిషేం కాదు, ఇంకో కుర్ర వకీలే. ఈస్టరు అయిన వారంలో వస్తాడు. ఆయన రిపోర్టు మీదే మన దావా నిలబడుతుంది. కాబట్టి జాగ్రత్తగా విను. సమాధులు ఆయనకు దూరం నుంచే స్పష్టంగా కనబడాలి. అంతా శుభ్రంగా, మర్యాదగా ఉండేట్టు చూడు. మనవాళ్ళు తగాదాకు దిగకుండా చూసుకో.

కృపావరం

*

ఆళ్లగడ్డ,
9 ఏప్రిల్ 1983

ప్రియమైన తమ్ముడికి,

ఈ ఒక్క ఉత్తరంలో వెక్కిరింత వెతక్కు. నాకు సంతోషంగా ఉంది.

శనగ కోత అయిపోయి చేను ఖాళీగా ఉంది. నీ మాట చెప్పగానే పల్లె పల్లెంతా కదిలింది. ఈస్టరు తెల్లవారుజామున మనం సమాధుల దగ్గర పాటలు పాడేది ఎప్పుడూ ఉన్నదే, దానికి ముందురోజు సున్నం కొట్టేదీ ఉన్నదే. ఈసారి దాన్ని పండగలా చేశారు. ఎవరి దిబ్బ ఎక్కడుందో పెద్దవాళ్ళు గుర్తుపట్టారు. వంక నుంచి మట్టి తెచ్చి దిబ్బలు ఎత్తి, మెత్తి, ఒకటి ఆరాక ఇంకొకటి, రెండు చేతులు సున్నం కొట్టారు. ఓబయ్య మామ సున్నంలో నీలిమందు కలిపించాడు. ఎర్రమన్నుతో సిలువలు గీశారు. నువ్వన్నట్టే రోడ్డుమీద పోయే బస్సులో వాళ్ళకు కూడా కనబడ్డాయి.

కమీషనరు బుధవారం వచ్చాడు. చాలా శ్రద్ధగల పిల్లవాడు. ఒక్కో దిబ్బ దగ్గరా వంగి చూశాడు. సున్నం మీద వేలు రాసి, ఆ వేలు చూసుకున్నాడు. మట్టి గిల్లి చూశాడు. ప్యాంటుకు సున్నం అంటినా విసుక్కోలేదు. చెన్నకేశవులు గట్టుమీద నిలబడి ఒక్క మాటా మాట్లాడలేదు. నోరు పడిపోయిందని మనవాళ్ళు నవ్వుకున్నారు. పోతూపోతూ ఆ పిల్లవాడు "ఇంత బాగా చేసిందెవరమ్మా?" అని అడిగాడు. అందరం చేశామని చెప్పాను. అది కూడా రాసుకున్నాడు.

అమ్మ మాత్రం రాలేదు. కమీషనరు పోయేదాకా గోడవైపు తిరిగి పడుకుంది.

రూతు

*

నంద్యాల,
30 ఏప్రిల్ 1983

అక్కకు,

కమీషనరు రిపోర్టు వచ్చింది. మీ పండగ ఫలితం చదువుకో. "దిబ్బలన్నీ ఇటీవల వేసినవి. మట్టి తడి ఆరలేదు. సున్నం చేతికి అంటుతోంది. తామే చేశామని వాదులు ఒప్పుకున్నారు. దావా కోసం ఏర్పాటు చేసినట్టు తోస్తోంది."

లక్ష్మీనారాయణగారు అది చదివి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. నా వైపు చూడలేదు. ఎదుటి వకీలు పిలిచి మరీ నాకు టీ ఇప్పించాడు.

ఇన్నేళ్ళుగా బడిలో పిల్లలకు చదువు చెప్తున్నావు. పాతదాన్ని కొత్తగా చేస్తే కొత్తదిగా కనబడుతుందని తెలియదా? అక్కడ అమ్మ వేలిముద్ర వేయదు. నువ్వు రెండు చేతుల సున్నం కొట్టిస్తావు. చెన్నకేశవులు మనింటి మీదుగా పోతూ అమ్మతో మాట్లాడాడని మొన్న మన పల్లె నుంచి వచ్చినాయన చెప్పాడు. మీరిద్దరూ ఈ దావా గెలవాలనే అనుకుంటున్నారా?

కృపావరం

*

ఆళ్లగడ్డ,
8 మే 1983

గుమాస్తాగారికి,

తమరి మార్చి ఇరవయ్యో తేదీ ఉత్తరం నా ముందుంది. "దూరం నుంచే స్పష్టంగా కనబడాలి. అంతా శుభ్రంగా, మర్యాదగా ఉండేట్టు చూడు." ఇది తమరి దస్తూరీయే కదా? ఎదుటి వకీలు టీ ఇప్పిస్తూ రాయించాడా?

నువ్వు నడక నేర్చినప్పటి నుంచి ప్రతి ఈస్టరుకూ ఆ సున్నం బకెట్టు మోశావు. చెయ్యి పొక్కిందని ఏడిస్తే నేను కొబ్బరినూనె రాశాను. సున్నం కొట్టొద్దని చెప్పాల్సింది నువ్వు. నంద్యాలలో ఉండి, సమాధులకు సున్నం కొడతారన్న సంగతే మరిచిపోయావు. చచ్చినవాళ్ళను మురికిగా ఉంచితేనే కోర్టు నమ్ముతుందని మాకెట్లా తెలుస్తుంది?

చెన్నకేశవులు అమ్మతో మాట్లాడిన మాట నిజమే. ఏం మాట్లాడాడో కూడా చెప్తాను, బిళ్ళ దొరికిందా అని. దానికి కూడా లంచం తీసుకున్నామని రాసుకో. ఆ దిబ్బలు దొంగవని తేలింది కదా, మొన్న మళ్ళీ దున్నేశాడు.

రూతు టీచరు

*

నంద్యాల,
17 జులై 1983

అక్కా,

రెండు నెలలుగా నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. తప్పు నాది. నీమీదా అమ్మమీదా అట్లాంటి మాట రాయకుండా ఉండాల్సింది. వకీలుగారికి కూడా చెప్పాను, అట్లా చేయమన్నది నేనేనని. ఆయన కేసు ఒప్పుకున్నప్పుడు ఎట్లా ఉన్నారో ఇప్పుడూ అట్లాగే ఉన్నారు. ఆ శిబిరం దండ సంగతి ఇక వదిలెయ్యి.

వేసవి సెలవుల తర్వాత మన దావా వచ్చింది. ఎదుటి వకీలు లేచి, "సమాధులైతే ఒక్క ఎముక చూపించమనండి" అని నవ్వాడు. జడ్జిగారు నవ్వలేదు. సరే చూపించండి అన్నారు. పల్లెవాళ్ళు చెప్పిన ఒక్క చోట, కమీషనరు ముందు తవ్వాలి. ఏమైనా ఉంటే దావా సాగుతుంది. ఏమీ లేకపోతే ఆ దొడ్డి చెన్నకేశవులుదే.

ఎవరి సమాధి తవ్వాలో పల్లెను అడగమన్నారు. ఈ మాట ఎట్లా అడగాలో నాకు తెలియదు. నువ్వే అడుగు.

కృపావరం

*

ఆళ్లగడ్డ,
24 జులై 1983

తమ్ముడికి,

అడిగాను. చర్చిలో అందరినీ కూర్చోబెట్టి అడిగాను. ఇంత నిశ్శబ్దం మన చర్చిలో ప్రార్థన టైములో కూడా ఉండదు. ఒకామె "మా అమ్మ జోలికి రావద్దు" అని లేచిపోయింది. ఓబయ్య మామ తన కొడుకును ఇస్తానని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. ఏమీ తేలకుండా ఇంటికి వచ్చాను.

అమ్మకు చెప్పాను. మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత, "మీ నాయనది తవ్వుకోండి" అంది. మళ్ళీ ఆయాసం తీర్చుకుని, "అట్లయితే నన్ను జైల్లో ఏస్తారేమో. ఎయ్యనీ, ఇంకెన్నాళ్ళుంటా" అంది.

అప్పుడు చెప్పింది. బిళ్ళ వంకలో పడలేదు, కృపా. నాయన ఛాతీమీదే ఉంది. పూడ్చే ముందు అమ్మ దుప్పటి కింద పట్టీతో సహా తగిలించి పంపింది. "బతికినన్నాళ్ళు ఆయప్పను ఎవురన్నా మనిషని చూసినారంటే ఆ బిళ్ళను చూసే. అది లేకుండా పైకి పోతే ఎవురు గుర్తుపడతారు?" అంది. సర్కారు సొత్తు పూడ్చినందుకు పట్టుకుపోతారని అప్పటినుంచీ భయం. చెన్నకేశవులు అడిగినప్పుడల్లా ఆ భయం పెరుగుతూ వచ్చింది. కోర్టువాళ్ళు ఇంటికి వస్తే అదే అడుగుతారని వేలిముద్ర వేయలేదు. మనం ఆమెను మొండిదని అన్నాం, నువ్వు ఇంకా ఏమేమో అన్నావు. మన దావాకు కావలసిన సాక్ష్యాన్ని, నేరమని కడుపులో పెట్టుకుని పడుకుంది.

బతికుండగా చెన్నకేశవులు ముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డ మనిషి నాయన. ఇప్పుడు ఆయనే సాక్షి. ఆగస్టు పదిన తవ్వుతారట. నువ్వు రా.

రూతు

*

నంద్యాల,
3 ఆగస్టు 1983

అక్కా,

నేను రాలేను. ఆ రోజు ఇక్కడ కోర్టులో పని ఉంది, వకీలుగారి జూనియరుకు కేసుకట్టలు అందించాలి. వకీలుగారు ఒక్కరే వస్తారు.

పని ఉన్నది నిజమే గానీ దానికోసం కాదు. అడిగితే ఆయన పంపిస్తారు. నాయనను అట్లా చూడలేను. నన్ను ఏమీ అనొద్దు.

కృపావరం

*

ఆళ్లగడ్డ,
14 ఆగస్టు 1983

కృపావరానికి,

ఏమీ అనను.

అమ్మను మంచంతో సహా మోసుకుపోయాం. దిబ్బలు లేవు, రాళ్ళు లేవు. గట్టుమీది తుమ్మచెట్టును చూసుకుని అమ్మ చేయి చూపించింది. తవ్వారు. ఏమీ లేదు. చెన్నకేశవులు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు, కమీషనరుకు సోడా ఇప్పించాడు. మీ వకీలుగారు ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటున్నారు. ఆయనకు సోడా ఇచ్చేవాళ్ళు లేరు, మన పిల్లలు చెంబుతో నీళ్ళు ఇచ్చారు. అటూ ఇటూ చూడకుండా తాగారు. దండ సంగతి వదిలేశాను.

అమ్మ, "ఆ చెట్టు అప్పుడు సన్నది. ఇంకొంచెం తూరుపుకు తవ్వండప్పా" అంది. తవ్వారు. నాయన ఎముకలు చూశాను. దాని గురించి ఇంకేమీ రాయలేను, వెక్కిరించడానికి కూడా నోరు రావడం లేదు.

తోలుపట్టీ మట్టిలో కలిసిపోయింది. బిళ్ళ పచ్చగా చిలుము పట్టి ఉంది. ఓబయ్య మామ పంచెతో తుడిస్తే ఊరి పేరు కనబడింది. మేమెవ్వరం నోరు తెరవలేదు. తెరిచింది చెన్నకేశవులు. కుర్చీలోంచి లేచి, గుంతలోకి దిగినంత పని చేసి, "ఇదే సార్. శాంతయ్య బిళ్ళ ఇదే. నేను అడగతానే ఉండా, ఈయమ్మ లేదంటానే ఉంది. సర్కారు సొత్తు శవంతో పాటు పూడ్చినారు. రాసుకోండి సార్, ఈడనే పూడ్చినారు" అన్నాడు.

కమీషనరు రాసుకున్నాడు. నువ్వు చూడాల్సింది, ఆ పిల్లవాడు ఎంత శ్రద్ధగా రాసుకున్నాడో. రాసినదాని కింద సంతకం పెట్టమంటే మునసబుగారు పెద్ద సంతకమే పెట్టాడు, మునసబు అని కింద రాసి మరీ. అప్పుడు మీ వకీలుగారు నెమ్మదిగా, "అయితే శాంతయ్య సమాధి ఇదేనంటారు" అన్నారు. చెన్నకేశవులు కూర్చోవడానికి వెనక్కి చూసుకున్నాడు. కుర్చీ దూరంగా ఉంది.

అమ్మను ఎవరూ పట్టుకుపోలేదు. బిళ్ళను పట్టుకుపోయారు. నాయనను మళ్ళీ పూడ్చాం. 

రూతు

*

నంద్యాల,
19 ఫిబ్రవరి 1984

అక్కా,

గెలిచాం. దొడ్డి పల్లెదేనని, చెన్నకేశవులు దాని జోలికి రాకూడదని తీర్పు. అమ్మకు చదివి వినిపించు. నెమ్మదిగా చదువు, నీ వ్యాఖ్యానాలు కలపకుండా.

పోయిన నెల సర్కారు మునసబుల ఉద్యోగాలే తీసేసింది కదా. చెన్నకేశవులు ఇప్పుడు ఉత్త రైతు. అయినా పౌరుషం పోలేదు, అప్పీలు వేశాడు. మళ్ళీ కమీషనరు రావచ్చు. అందుకని వకీలుగారి గట్టి మాట: ఈ ఈస్టరుకు సున్నం జోలికి పోవద్దు. సమాధులు పాతగా కనబడాలి. ఈసారి స్పష్టంగానే రాశాను.

బిళ్ళ కోసం అడిగాను. అప్పీలు తేలేదాకా కోర్టు దగ్గరే ఉంటుందట, తర్వాత సర్కారుకు పోతుందట. తిరిగి కావాలంటే ఎవరి నుంచి తీసుకున్నారో వాళ్ళు అర్జీ పెట్టాలన్నారు. నాయన నుంచి అని చెప్పాను. ఉచితంగా కావాలంటే ఆయన పేదవాడని సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇవ్వడానికి ఇప్పుడు మునసబు కూడా లేడు. నీతో పాటు నాకూ ఈ వెక్కిరింత అంటుకుంది.

కృపావరం

*

ఆళ్లగడ్డ,
18 ఏప్రిల్ 1984

తమ్ముడికి,

అమ్మను నాయన పక్కన పెట్టిననాడు జనంలో నీతో ఏమీ మాట్లాడలేకపోయాను. నువ్వు బస్సు దిగి వచ్చేసరికి అమ్మకు మాట పడిపోయింది. అంతకు ముందురోజు అన్నది నీకు చెప్పాలి.

బిళ్ళ ఇక రాదని చెప్పాను. కోపం వస్తుందేమో అనుకున్నా. రాలేదు. "పోతే పోనీలే. నేను పక్కనుంటా గదా. ఆయప్ప ఎవురని ఎవురన్నా అడిగితే నేను చెప్తా" అంది. కాగితం మీద వేలిముద్ర వేయడానికి భయపడ్డ మనిషి, అక్కడ సాక్ష్యం చెప్పడానికి తయారై పోయింది. ఆ మాట తలుచుకుని రోజూ ఏడుస్తున్నాను, నవ్వు కూడా వస్తోంది.

ఇంక సున్నం సంగతి. నీ వకీలుగారి మాట చర్చిలో చెప్పాను. అందరూ తలకాయలు ఊపారు. ఓబయ్య మామ ఒక్కడు బయట నన్ను ఆపి, "ఏం చేద్దామమ్మా? ఆయమ్మకు ఆడ ఇది మొదటి ఈస్టరు" అన్నాడు. నేను ఏమీ అనకముందే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

లక్ష్మీనారాయణగారికి నా వందనాలు చెప్పి, ఆయన మాట వినలేదని కూడా చెప్పు. సున్నం నానబెట్టాం. ఇంట్లో నీ కుంచె ఇంకా ఉంది. శనివారానికి రా, కేసుకట్టలు ఇంకెవరైనా అందిస్తారు.

కమీషనరు వచ్చి కొత్త సమాధి అని రాసుకుంటాడేమో. రాసుకోనీ. కొత్తదే కదా, అమ్మ పోయి ఇంకా నెల కాలేదు.

నీ అక్క,
రూతు